కుక్కలు అటు, చిలుకలు ఇటు

నా చేతిలోకి వచ్చిన మొదటి కుక్క ఒక ఇంజనీరుగారి భార్యది. తెల్లగా, ఏకిన దూదిలా ఉండేది. ఆంధ్ర, తెలంగాణ కలిసి ఏడాదో రెండేళ్లో అయినట్టుంది. కోస్తా నుంచి ఉద్యోగాల మీద వచ్చిన కుటుంబాలు కొన్ని వరంగల్‌లో మా మట్టెవాడలోనే అద్దెకు దిగాయి. వేసవిలో పుట్టింటికి ప్రయాణమవుతూ ఆమె ఆ కుక్కను చంకలో పెట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. రైల్లో దాన్ని తీసుకుపోవడం కష్టమనీ, నాలుగు మెతుకులు పెడితే పడి ఉంటుందనీ, కాస్త చూసుకోమనీ అడిగింది.

నేను అత్తమ్మను అడగకుండానే చేతులు చాచాను.

మాది నర్సంపేట. నాన్నది పత్తి వ్యాపారం. ఇంటినిండా ఆవులు, దూడలు, అడవి నుంచి ఎవరో తెచ్చిచ్చిన గోరింక, నాన్న అన్నానికి కూర్చోగానే పక్కన చేరే పిల్లి. పెళ్లయి వరంగల్ వచ్చాక నాకు ముందుగా తెలిసిన లోటు అదే. అత్తగారింట్లో ముందు భాగమంతా గింజల గిడ్డంగి. దాని వెనుక మేముండే గదులు, ఆ వెనుక పెద్ద పెరడు. అంత ఇంట్లో మనుషులు కాక కదిలేవి ఎలుకలే. పోనీ ఒక పిల్లినైనా తెచ్చుకుందామంటే, పాలల్లో మూతి పెడితే పూచీ ఎవరిదని అత్తమ్మ ఒప్పుకోలేదు. మధ్యాహ్నం పనులన్నీ అయిపోయాక బస్తాల మధ్య కూర్చుని, మా ఊళ్లో దూడలు ఈ పాటికి ఎక్కడ మేస్తుంటాయో అనుకునేదాన్ని. పందొమ్మిదేళ్ల పిల్లకు అమ్మానాన్నల మీద ఉండాల్సిన బెంగ నాకు గోరింక మీద ఉండేది.

అత్తమ్మ గుడి నుంచి వచ్చేసరికి కుక్క తులసికోట దగ్గర నిలబడి ఉంది. ఆమె వాకిట్లోనే ఆగిపోయింది.

"పిల్లా, అది గడప దాటి లోపటికొస్తే నేను గడప దాటి బయటికి పోత" అంది.

ఆమె గట్టిగా అనలేదు. గట్టిగా అంటే బతిమాలేదాన్నేమో. ఆ నెమ్మది గొంతుకు ఎదురు లేదని నాకప్పటికే తెలుసు. కుక్కను ఎత్తుకుని పెరట్లోకి నడిచాను.

మా పెరటి వెనుక గోడలో ఒక దిడ్డి దర్వాజ ఉండేది. తల వంచుకుని దాటవలసిన చిన్న తలుపు. ఒకప్పుడు రెండిళ్లూ ఒకరివేనట. అమ్మకాల్లో విడిపోయాక ఆ తలుపుకు గొళ్లెం పడింది. గోడ అవతల ఒక ముస్లిం ఆమె ఒంటరిగా ఉండేది. ఆమె భర్త జంపఖానాలు నేసేవాడని, చనిపోయి చాలా కాలమైందని, ఆమె ఉన్ని దారానికి రంగులద్ది బతుకుతుందని విన్నాను. చూడడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. గిలక చప్పుడు, మేకల అరుపు, పొద్దుగూకే వేళ మేకలను పిలిచే "ఆవో బేటా, ఆవో" అన్న గొంతు, నాకు తెలిసిన ఆమె అంతే.

తలుపు తట్టాను. చాలాసేపటికి గొళ్లెం తీసిన చప్పుడైంది. పొడుగ్గా, సన్నగా, మోచేతుల దాకా ఎర్ర రంగుతో ఒక స్త్రీ తల వంచి చూసింది. నలభైకి దగ్గర్లో ఉంటుంది. నా ముఖం ఆమె చూడనే లేదు. కుక్కనే చూసింది. రంగు చేతులు కొంగుకు తుడుచుకుని, దాని గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి నిమిరింది. అది ఆమె చేతుల్లోకి దానంతటదే దూకింది.

"భయపడ్డది. గుండె ఎట్ల కొట్టుకుంటాందో సూడు చెల్లె" అంది.

అలా మొదలైంది. నేను ఆమెను ఆపా, అంటే అక్కా అన్నాను. ఆమె నన్ను చెల్లె అంది. ఆ వేసవంతా కుక్క గోడకు అటువైపే పెరిగింది. నేను పూటకోసారి తల వంచుకుని అటు వెళ్లి వచ్చేదాన్ని. ఇంజనీరుగారి భార్య తిరిగి వచ్చి పిలిస్తే కుక్క ఆపా చీర కుచ్చెళ్ల వెనుక దాక్కుంది. దాన్ని పంపాక ఆపా రంగు బాన దగ్గర కూర్చుని చాలాసేపు ఊరికే కలిపింది. నాక్కూడా అన్నం సహించలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్లి అడిగాను, మనమిద్దరం ఇదే పనిగా పెట్టుకుంటే ఏమని. ఊళ్లకు పోయేవాళ్లు, ప్రసవాలకు పోయేవాళ్లు, బదిలీల మధ్య ఉన్నవాళ్లు, పెంచుకున్న ప్రాణాలను ఎక్కడ వదలాలో తెలియని వాళ్లు ఊరినిండా ఉంటారు కదా.

"నవ్వుతరు చెల్లె" అంది ఆపా.

నవ్వితే నవ్వనిమ్మన్నాను. ఆమె తన తండ్రి సంగతి చెప్పింది. ఆయన ఒక జాగీర్దారు దేవిడీలో వేటకుక్కలనూ పిట్టలనూ చూసుకునేవాడట. జాగీరు పోయినప్పుడు కుక్కలను ఊళ్లకు తలా ఒకటి పంచేశారు. ఆయన ఆ తర్వాత ఎన్నో రోజులు, పొద్దున్నే లేచి ఖాళీ గుంజల దగ్గర నీళ్లు చల్లి ఊడ్చి వచ్చేవాడు. "మా అబ్బాకు పని పోయినందుకు రంది లేకుండె. చేతులకే రంది పట్టింది" అంది ఆపా. అంటూనే పాత జంపఖానా ముక్కలు తీసి, కుక్కలకు పరుపులుగా ఏవి పనికొస్తాయో ఏరడం మొదలుపెట్టింది.

మా ఆయనకు అన్నం వడ్డిస్తూ చెప్పాను. కుక్కలకు లాడ్జీనా అని నవ్వాడు. నేను నవ్వకపోవడం చూసి ఆయనా ఆపేశాడు. రెండు రోజుల తర్వాత టీ ఆకు వచ్చే చెక్క పెట్టెలు బండి మీద వేయించుకుని వచ్చి, దుకాణం మూసిన సాయంత్రాల్లో వాటికి తలుపులూ చువ్వలూ బిగించాడు. ఆయన మనసు నాకు మొదటిసారి తెలిసింది ఆ సుత్తి చప్పుడులోనే.

అత్తమ్మతో మాట్లాడే పని ఆయనే తీసుకున్నాడు. ఏం చెప్పాడో తెలియదు. ఆమె పెరట్లోకి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, దిడ్డి దర్వాజ వైపోసారి, చూరు వైపోసారి చూసింది.

"కుక్కలు అటు, చిలుకలు ఇటు" అంది.

మా వ్యాపారానికి ఉన్న షరతు అదొక్కటే. చిలుకలు, గోరింకలు, కుందేళ్లు మా పెరట్లో. కుక్కలు, పిల్లులు ఆపా పెరట్లో. తలుపు మాత్రం పొద్దున తీస్తే చీకటి పడేదాకా తెరిచే ఉండేది.

నూనె డబ్బా రేకు సాపు చేసి మా ఆయన బోర్డు రాశాడు. "ఇచ్చట పెంపుడు జంతువులు చూచుకొనబడును." కింద అదే మాట ఉర్దూలో మసీదు దగ్గర అత్తరు అమ్మే ముసలాయన రాసిచ్చాడు. సందులో పిల్లలు ఆ బోర్డు ముందు నిలబడి కుక్కల్లా మొరిగి పారిపోయేవారు. మొట్టమొదట వచ్చిన మనిషి, మా నర్సంపేట దిక్కు రైతు ఒకాయన, బర్రెను తోలుకుని వచ్చాడు. కూతురు పెళ్లి పనుల మీద ఊళ్లు తిరగాలని, బర్రెను ఉంచుకోమని. పెంచుకునే చిలుకలకూ కుక్కలకూ మాత్రమే అని చెప్తే, బర్రెను నేను పెంచుకుంటలేనా అని ఆయన అడిగాడు. బర్రె రెండు వారాలు ఆపా వేపచెట్టు కిందే ఉంది.

మెల్లగా మనుషులు రాసాగారు. కాశిబుగ్గ నేతవాళ్ల ఇళ్ల నుంచి చిలుకలు వచ్చేవి. కాలేజీ లెక్చరరు ఒకాయన కుందేళ్ల జంట తెచ్చేవాడు. కాజీపేట రైల్వే వాళ్లు సెలవులకు పోతూ కుక్కలను రిక్షాలో వేసుకుని వచ్చేవారు. కొందరు రిక్షావాళ్లు కుక్కను ఎక్కించుకోం అనేవారు. అప్పుడు పశువుల దవాఖానకు మేమే నడిపించుకుంటూ పోవాల్సి వచ్చేది. నేను కొంగు నిండుగా కప్పుకుని, ఆపా బుర్ఖాలో, మధ్యలో ఒక కుక్క. బజారు బజారంతా దుకాణాల మెట్ల మీదికి వచ్చి చూసేది. మొదట్లో నేను నడక ఆపేసేదాన్ని. "కుక్కను సూస్తాండ్రు, మనల్ని గాదు. నడువు" అనేది ఆపా.

ఆ పొద్దుల గురించి ఇప్పుడు చెప్పాలంటే ఏది ముందు చెప్పాలో తెలియదు. తెల్లవారగానే అటువైపు గొళ్లెం తీసిన చప్పుడు. చిలుకలకు జామకాయ ముక్కలు, పచ్చి మిరపకాయలు. కుక్కలకు పాలల్లో నానేసిన జొన్నరొట్టె. ఆదివారం ఆదివారం కుంకుడుకాయ నురగతో, వేపాకు నీళ్లతో స్నానాలు. తడిసిన కుక్క ఒళ్లు విదిలిస్తే ఇద్దరం తడిసేవాళ్లం. ఆపాకు నవ్వు వస్తే చప్పుడు రాదు, భుజాలే ఊగుతాయి. నా వయసు వాళ్లెవరితోనూ నేను అంత తీరుబడిగా ఉండలేదు. పుట్టింట్లో ఉన్నప్పుడు కూడా లేను.

అన్నీ మంచిగానే జరగలేదు. లెక్చరరుగారి కుందేళ్లలో ఒకటి ఒక ఎండాకాలం మా దగ్గరే చచ్చిపోయింది. వాళ్ల చిన్నకూతురు వచ్చేరోజు నేను ఇంట్లోంచి బయటికి రాలేకపోయాను. ఆపానే ఆ పిల్ల చేయి పట్టుకుని, పాతిపెట్టిన చోటికి తీసుకుపోయి, పక్కన కూర్చోబెట్టుకుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో వినలేదు. పిల్ల ఏడ్చి, ముఖం కడుక్కుని, మిగిలిన కుందేలును ఒళ్లో పెట్టుకుని వెళ్లింది. మళ్లీ సెలవులకు అదే కుందేలును తెచ్చింది కూడా.

మేడారం జాతర వస్తే సందు సందంతా ఖాళీ అయ్యేది. బండ్లు కట్టుకుని, బెల్లం బుట్టలు ఎత్తుకుని అందరూ పోయేవారు. మా ఆయన, అత్తమ్మ కూడా పోయేవారు. సందులో వాళ్లు తమ పిట్టలనూ కుక్కలనూ మాకు వదిలి పోయేవారు కాబట్టి నాకు పోయే వీలుండేది కాదు. పోవాలని కూడా ఉండేది కాదు. ఊరంతా సద్దుమణిగిన ఆ రోజుల్లో మా రెండు పెరళ్లలోనే చప్పుడు. మధ్యాహ్నం వేపచెట్టు కింద జంపఖానా పరుచుకుని పడుకునేవాళ్లం. చుట్టూ కుక్కలు పడుకునేవి. గోడ అవతల చిలుకలు ఒకదాన్నొకటి తిట్టుకునేవి. ఆపా అరచేతుల్లో ఆ వారం అద్దిన రంగేదో ఉండేది, నీలమో పసుపో. నా బతుకులో నేను మళ్లీ పోయి కూర్చోగల చోటు ఒక్కటి కోరుకోమంటే ఆ జంపఖానానే కోరుకుంటాను.

రైల్వే గార్డు ఒకాయన మా దగ్గరికి వచ్చింది ఒక వానాకాలంలో. కాజీపేట నుంచి ఒక్క స్టేషను రైల్లో వచ్చి, వాన వెలిశాక మా సందులోకి నడిచి వచ్చాడు. తెల్ల యూనిఫాం, చంకలో చుట్టిన జెండాలు, పక్కన ఒక చెవి చీలిన నల్లకుక్క. మానుకోట వైపు ముస్లిం కుటుంబం ఆయనది. మాటంతా తెలుగే. భార్య పోయి కొన్నేళ్లయింది, పిల్లలు లేరు. తాను బండి మీద పోతే రెండు రోజుల దాకా తిరిగి రాడు. తాను లేకపోతే ఆ కుక్క ముద్ద ముట్టదు. అందరినీ అడిగి చివరికి మా బోర్డు గురించి విని వచ్చానన్నాడు.

మొదటిరోజు అది నిజంగానే ఏమీ తినలేదు. రొట్టె పెడితే ముఖం తిప్పుకుంది. నేను బతిమాలాను. ఆపా నన్ను పక్కకు రమ్మని, తన కంచంలో రొట్టె పెట్టుకుని, దానికి కొంచెం దూరంలో, దాన్ని చూడనట్టు కూర్చుని తినసాగింది. సగం తినేసరికి అది లేచి వచ్చి ఆమె మోకాలికి మూతి ఆనించింది.

గార్డు తిరిగి వచ్చినప్పుడు కుక్క తిన్నదంటే నమ్మలేదు. ఎట్ల తినిపించారో చెప్పమని నన్ను అడిగాడు. ఆపా ఆయనకు కనపడేది కాదు. దిడ్డి దర్వాజ వెనుక నిలబడేది. నేను తలుపుకు ఇటువైపు, ఆయన మా పెరట్లో. ఆపా లోపలి నుంచే, నాతో అన్నట్టుగా, బువ్వ పెట్టవద్దనీ, దాని పక్కన కూర్చుని ఆయనే తినాలనీ, అదే వస్తుందనీ చెప్పింది. ఆయన, తాను ఇంట్లో కూర్చుని తిని చాలా రోజులయిందని, బండిలో నిలబడే ఏదో తినేస్తానని నాతో అన్నాడు.

ఆ తర్వాత వారం వారం వచ్చేవాడు. కుక్కను వదిలేటప్పుడు ఒకసారి, తీసుకుపోయేటప్పుడు ఒకసారి. ఆయన మాట నేను లోపలికి చెప్పేదాన్ని. ఆపా మాట బయటికి చెప్పేదాన్ని. ఇద్దరికీ ఒకరి గొంతు ఒకరికి వినపడుతూనే ఉండేది. అయినా మధ్యలో నేను ఉండాల్సిందే. మాటలన్నీ కుక్క గురించే. దగ్గు తగ్గిందా, కాలికి పసుపు పెట్టారా, ఉరుముకు భయపడ్డదా. బల్లార్షా నుంచి నారింజలు తెచ్చేవాడు, కుక్కను చూసుకున్నందుకని. ఆపా వాటిని ఒలిచి నాకే పెట్టేది. తాను ఒక తొన తిని, తొక్కలు మాత్రం దండెం మీద ఎండేసేది.

ఒకసారి ఆయన మామూలుగా, కుక్క తింటోందా అని అడిగాడు. నేను లోపలికి తల తిప్పాను.

"కుక్క తింటాంది. ఆయన తింటాండా లేదా అడుగు" అంది ఆపా.

నేను అడగలేదు. అడగాల్సిన పని లేకపోయింది. తలుపు ఇటు ఆయన తల వంచుకున్నాడు. అటు ఆపా కొంగు సర్దుకుంది. మధ్యలో నేను నిలబడి ఉన్నాను. అప్పుడు అర్థమైంది నాకు. సంతోషం పొంగుకొచ్చింది. ఆ వెంటనే, అంతే వేగంగా, ఆ తలుపు వెనుక ఆపా లేని రోజు కళ్ల ముందు మెదిలింది.

ఏడాది తిరిగింది. ఒక చలికాలపు పొద్దున ఆయన జెండాలు లేకుండా, మామూలు బట్టల్లో వచ్చాడు. ఉత్తరాదిన ఇటార్సీకి బదిలీ అయింది, ఇక కుక్కను తీసుకుపోతాను, మళ్లీ తేను అని చెప్పాడు. గొలుసు చేతికి తీసుకున్నాడు. కుక్క లేవలేదు. ఆయన కూడా కదలలేదు. చిలుకల గూళ్ల వైపు చూస్తూ అన్నాడు.

"దీన్ని తోలుకపోతే ఇది తినది. ఇది తినకపోతే నాకు ముద్ద దిగది. ఏం జేయమంటరో ఆమెను జర అడుగుండ్రి."

గిలక దగ్గర బొక్కెన నీళ్లు కార్చుకుంటున్న చప్పుడొక్కటే. నేను అటు తిరగలేదు. తిరిగితే ఆమె ముఖం చూస్తానని భయం వేసింది.

"పెద్దమనుషులను తోలుకొని మా అన్న దగ్గరికి పొమ్మను" అంది ఆపా చివరికి. "దర్వాజల నిలబడి అడిగేది గాదిది."

ఆయన సందు చివరి దాకా దాదాపు పరుగెత్తాడు. కుక్కను మరిచిపోయాడు.

ఆ సాయంత్రం ఇద్దరం ఒక ముసలి కుక్కకు బొచ్చు దువ్వుతూ కూర్చున్నాం. ఈ వయసులో నికా ఏమిటని లోకం నవ్వదా అని ఆపా అడిగింది. బోర్డు పెట్టినరోజు కూడా నవ్వారు కదా అన్నాను. నేను లేకపోతే నువ్వొక్కదానివి ఎట్ల చేస్తవు అంది. చేసుకుంటాను అన్నాను. ఆమె దువ్వెన ఆపి, నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "నువ్వు పోవద్దంటే పోను చెల్లె. నిజంగ అంటాన" అంది. ఆమె అన్నది నిజమేనని నాకు తెలుసు. అందుకే పోవద్దన్న మాట అనలేదు. పొమ్మన్నాను. నవ్వుతూనే పొమ్మన్నాను.

కాశిబుగ్గలో ఉండే వాళ్లన్న ఇంట్లో నికా అయింది. అత్తమ్మ వెళ్లలేదు గానీ చీరె పెట్టి పంపింది. ఆపా తన మేకలను అన్నకు ఇచ్చింది. వెళ్లే పొద్దున ఇటువైపు నుంచి కాక, తన ఇంటి ముందు వాకిలి నుంచి టాంగా ఎక్కింది. నల్లకుక్క ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. టాంగా సందు తిరిగేదాకా చూసి, వెనక్కి వచ్చి, ఏం చేయాలో తెలియక చిలుకలన్నిటికీ రెండోసారి జామకాయలు కోసి పెట్టాను.

అటు ఇల్లు రేడియోలు బాగుచేసే వాళ్లకు అద్దెకు పోయింది. వాళ్లు దిడ్డి దర్వాజకు ఇటుకలు కట్టించారు. కుక్కలను తెచ్చేవాళ్లను తిప్పి పంపాల్సి వచ్చింది. కొన్ని వారాలు అలా గడిచాయి. ఒకరోజు అత్తమ్మ జపమాల పక్కన పెట్టి, ఇల్లు ఇల్లులాగా లేదంది. ఏమైందని అడిగాను.

"అటుదిక్కు చప్పుడు లేదు. ఆ కుక్కలను ఇటే కట్టెయ్యి పిల్లా. నా మడి దిక్కు రాకుంట సూసుకో."

ఆమెకూ ఆ గోడ అవతలి సందడి అలవాటయిందని అప్పటిదాకా నాకు తెలియదు. అలా వ్యాపారం మళ్లీ నిలబడింది. పనికి తోడుగా మనుషులను పెట్టుకున్నాను. పని జరిగేది. మాట జరిగేది కాదు.

ఆ రోజుల్లోనే ఒక సంగతి జరిగింది. కాశిబుగ్గ నేతవాళ్ల చిలుక ఒకటి, అంతకుముందు చాన్నాళ్లు మా దగ్గర ఉండి, ఇంటికి తిరిగి పోయింది. ఆ ఇంటామె బజారులో కనపడి, మీ దగ్గరుండి మా చిలుక ఉర్దూ నేర్చింది అని నవ్వింది. పొద్దుగూకితే చాలు, ఎవరినో పిలుస్తుందట. ఆవో బేటా, ఆవో అని.

నేను ఆ సాయంత్రమే కాశిబుగ్గకు నడిచాను. చిలుక ఆరోగ్యం చూడాలని వచ్చానన్నాను. మగ్గం గుంట పక్కన చూరుకు వేలాడుతోంది గూడు. చీకటి పడుతుండగా అది ఒళ్లు దులుపుకుని పిలిచింది. ఆ గొంతే. చివర్లో కొంచెం తగ్గి, మళ్లీ లేచే ఆ తీరే. నేను తువ్వాల అడిగి ముఖం తుడుచుకున్నాను, నడిచి వచ్చిన చెమట అన్నట్టు. ఆ తర్వాత కూడా ఏదో ఒక నెపం మీద వెళ్లేదాన్ని. పచ్చిమిర్చి తెచ్చాననో, ఇటువైపు పని పడిందనో. ఆ ఇంటామెకు తెలుసనుకుంటాను. ఏమీ అడగకుండా పీట వేసేది. కొన్నాళ్లకు చిలుక ఆ పిలుపు తగ్గించింది. మగ్గం చప్పుడు నేర్చుకుంది. చివరిసారి వెళ్లినప్పుడు చీకటి పడేదాకా కూర్చున్నాను. అది ఆసు మీద నూలు తిరిగినట్టు, మగ్గం పలక కొట్టినట్టు చప్పుళ్లు చేసి, తల రెక్కలో దాచుకుంది.

కొన్నేళ్ల తర్వాత అత్తమ్మ కాశీ పోవాలంది. మా ఆయన, నేను, ఆమె బయలుదేరాం. కాజీపేటలో ఢిల్లీ బండి ఎక్కి ఇటార్సీలో దిగి, అక్కడ అలహాబాదు వైపు బండి మారాలి. మధ్యలో సగం రోజు వ్యవధి. ముందే కార్డు రాశాను. బండి ఇటార్సీ చేరుతుంటే నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. ప్లాట్‌ఫారం మీద గార్డుగారు, ఆయన వెనుక ఆపా. కొంచెం ఒళ్లు చేసింది. నా రెండు చేతులూ పట్టుకుని, తిప్పి చూసి, "బక్కగైనవ్" అంది.

రైల్వే క్వార్టరు స్టేషనుకు దగ్గరే. అత్తమ్మ వేరే వాళ్లింట్లో ఏదీ ముట్టదని తెలిసి, ఆపా కొత్త బుట్టలో పండ్లు కొని పెట్టింది. అత్తమ్మ చాలా పండ్లే తిన్నది. నల్లకుక్క ముసలిదైపోయి గుమ్మంలో పడుకుని ఉంది. దానికి చూపు ఆనదని గార్డుగారు చెప్పారు. పెరట్లోకి వెళ్లి చూస్తే చిలుకలు, రెండు కుక్కలు, ఒక పిల్లి. అన్నీ ఎవరివో. ఇక్కడ కూడా పెట్టావా అన్నాను.

"ఏం జేయాలె చెల్లె. చేతులు ఊకుంటలేవు" అంది ఆపా.

మేము మాట్లాడుకుంటూ ఉండగానే పక్క క్వార్టరు నుంచి ఒక చిన్న వయసు కోడలు పిల్ల, హిందీ మాట, తలుపు తట్టకుండా లోపలికి వచ్చింది. గూట్లోంచి దువ్వెన తీసుకుని, కుక్కను తన ముందుకు లాక్కుని, ఆపా పక్కన చతికిలబడి దువ్వసాగింది. ఆపా మాటల మధ్యలోనే చేయి చాచి ఆ పిల్ల పట్టు సరిచేసింది. ఆ పిల్ల ఏదో అంది. ఆపా భుజాలు ఊగాయి. నాకు ఆ హిందీ అర్థం కాలేదు. ఎందుకు నవ్విందని అడగాలని ఉంది, అడగలేదు. చేతిలో చాయ్ గిలాసు చల్లారిపోయింది.

సాయంత్రం బండి ఎక్కించడానికి వాళ్లిద్దరూ వచ్చారు. ఆపా కిటికీ దగ్గర నిలబడి ఒక్కొక్క ప్రాణం గురించి అడిగింది. ఆ తెల్లకుక్క ఉన్నదా, లెక్చరరుగారి పిల్ల ఇంకా కుందేళ్లను పెంచుతోందా. చెప్పాల్సినవి చాలా మిగిలి ఉండగానే బండి కదిలింది. కాశిబుగ్గ చిలుక సంగతి చెప్పనేలేదు.

అత్తమ్మ, "ఆమె మంచిగున్నది గద పిల్లా. ఇగ ఏడ్పెందుకు?" అంది.

మంచిగున్నదనే, అన్నాను. ఆమె తన దుప్పటి సగం నా మీద కప్పింది.

కాశీలో ఇష్టమైనది ఒకటి విడిచిపెట్టాలని పంతులు చెప్పాడు. అత్తమ్మ వంకాయ విడిచింది. వంకాయ లేనిదే ఆమెకు ముద్ద దిగేది కాదు, నిజంగానే విడిచింది. నా వంతు వచ్చినప్పుడు పంతులు రెండుసార్లు అడగాల్సి వచ్చింది. సీతాఫలం అన్నాను. నాకు ఇష్టమైన పండే. అబద్ధం కాదు. విడవమంటే విడవగలిగింది మాత్రం అదే.

తిరుగు ప్రయాణంలో మా బండి బాగా ఆలస్యమైంది. ఇటార్సీలో దిగి, పరుగున వంతెన దాటి, కదలబోతున్న మద్రాసు బండి ఎక్కడానికే సరిపోయింది. కబురు పెట్టే వీలు లేదు. నేను తలుపు దగ్గరే నిలబడి, క్వార్టర్ల వరసలో వాళ్ల పెరడు ఏదో గుర్తుపట్టాలని చూశాను. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. అన్ని పెరళ్లలోనూ బట్టలు ఆరుతున్నాయి.

"కూసో పిల్లా, పడ్తవు" అంది అత్తమ్మ, గంగ చెంబు ఒళ్లో పట్టుకుని.

ఆ వరస దాటిపోయేదాకా నిలబడి, వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను.